ఆవజో అంటే వెళ్ళిరా

అమెరికా వెళ్ళే పిల్లలకు ఊరంతా సలహాలిస్తుంది. ఎన్ని కిలోల సామాను పట్టుకెళ్ళాలో, ప్రెషర్ కుక్కర్ ఎక్కడ కొనాలో, ఎయిర్‌పోర్టుకు ఎవరొచ్చి తీసుకెళ్తారో బయల్దేరక ముందే తెలిసిపోతుంది. అక్కడ దిగాక వారం రోజులు బెంగగా ఉందంటే అందరూ అయ్యో అంటారు.

మరి నీ సంగతి? జోసా కౌన్సెలింగులో నీకు సూరత్ ఎన్.ఐ.టి. వచ్చింది. "మన దేశమే కదా, రైలెక్కితే వచ్చేస్తావు" అన్నారు. రైలెక్కావు. దిగి చూస్తే బోర్డుల మీది అక్షరాలు నీకు రావు. పప్పు తియ్యగా ఉంది. పక్క మంచం కుర్రాడు ఫోన్‌లో అరగంట మాట్లాడితే ఒక్క ముక్క అర్థం కాలేదు. పాస్‌పోర్టు మీద ముద్ర పడలేదన్న మాటే గాని, నువ్వొచ్చింది కొత్త దేశం లాంటి చోటికే. ముందు ఆ సంగతి నీకు నువ్వు ఒప్పుకో. "ఇంత చిన్నదానికే ఏడుపొస్తోందేమిటి?" అని నిన్ను నువ్వు తిట్టుకోకు. ఇది చిన్నదేమీ కాదు.

నేనూ ఆ దారిన వచ్చినవాణ్ణే. అందుకే ఈ అధ్యాయంలో మొదటి పదిహేను రోజుల గురించి మాత్రమే చెప్తాను. ఉద్యోగాలు, ప్యాకేజీలు తర్వాత చూసుకుందాం. ఈ పదిహేను రోజుల్లో నువ్వు సాధించాల్సింది ఒక్కటే: ఈ ఊళ్ళో నీ ముఖం గుర్తుపట్టే మనుషులు నలుగురైదుగురు ఉండాలి. టీ పోసేవాడు కావచ్చు, మెస్‌లో వడ్డించే కాకా కావచ్చు, పక్క గది పిల్లో పిల్లాడో కావచ్చు.

1. మొదటి సాయంత్రం గదిలో కూర్చోకు

అమ్మా నాన్నా హాస్టల్ గేటు దగ్గర ఆటో ఎక్కి, ఆటో మలుపు తిరిగిపోయిన తర్వాతి గంట ఉంటుంది చూడు, అదే అన్నిటికంటే కష్టమైనది. చాలామంది ఆ గంటలో గదికి వెళ్ళి తలుపేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటారు. నేనూ అదే చేశాను. లేచేసరికి మెస్ మూసేశారు. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా?" అనడిగింది. అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం నన్ను ఆకలి కంటే ఎక్కువ బాధపెట్టింది.

కాబట్టి ఆ గంటకు ముందే పని పెట్టుకో. కావాలనే కొన్ని సామాన్లు అమ్మావాళ్ళతో కొనిపించకు. బకెట్, మగ్గు, తాళం, దోమతెర, బట్టలారేసే తాడు వాళ్ళు వెళ్ళాక కొనుక్కోవచ్చని వదిలెయ్యి. వాళ్ళు ఆటో ఎక్కగానే నీ గదిలోవాళ్ళలో ఒకర్ని పిలువు. "బకెట్ కొనాలి, వస్తావా?" ఈ ప్రశ్నకు కాదనే కొత్త విద్యార్థిని నేనింతవరకూ చూడలేదు. వాళ్ళకూ బకెట్ కావాలి మరి. ఇద్దరూ బకెట్లు ఊపుకుంటూ తిరిగొచ్చేసరికి ఒకరి ఊరు ఒకరికి తెలిసిపోతుంది. అటునుంచి అటే మెస్‌కి వెళ్ళి తిను. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చెయ్యి. "తిన్నావా?" అన్న ప్రశ్నకు నిజమైన జవాబుంటుంది.

ఇంకో మాట. ఎన్.ఐ.టి.ల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు, మిగతా సగం బయటి రాష్ట్రాలవాళ్ళకు. అంటే నీ క్లాసులో ఇంచుమించు సగం మంది నీలాగే దారి తెలియక తిరుగుతున్నవాళ్ళే. ఎవరికీ తెలియనిది నీకు ఒక్కడికే తెలియనట్టు ఎందుకు సిగ్గుపడటం?

2. కాగితాలను వానకివ్వకు

నువ్వు చేరేది వానాకాలంలో. సూరత్ వాన మన ఊళ్ళ వాన లాంటిది కాదు, పట్టిందంటే వదలదు. సర్టిఫికెట్లను సూట్‌కేసు అడుగున పెట్టుకొచ్చి, తడిసిన పదో తరగతి మెమోను ఫ్యాను కింద ఆరబెట్టుకున్నవాళ్ళున్నారు. ఒరిజినల్స్ అన్నీ జిప్పున్న ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి భుజం సంచిలో నీతోనే ఉంచుకో. నాలుగేసి జిరాక్సులు, డజను ఫొటోలు, ఫోన్‌లో స్కాన్ కాపీలు సిద్ధం చేసుకో.

మన పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది కులధ్రువీకరణ దగ్గర. మీ సేవలో తీసుకున్న బి.సి.-ఎ, బి.సి.-డి సర్టిఫికెట్ చాలనుకుంటారు. అది రాష్ట్రానికి పనికొస్తుంది. కేంద్ర సంస్థలకు ఓ.బి.సి. నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో విడిగా కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. ఇ.డబ్ల్యు.ఎస్. కూడా అంతే. తాసిల్దారు ఆఫీసు మీ ఊళ్ళో ఉంది, నువ్వేమో సూరత్‌లో ఉంటావు. బయల్దేరక ముందే చూసుకో.

3. తియ్యటి పప్పుతో రాజీపడటం ఎలా?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఇంటి మీద బెంగ మొదలయ్యేది గుండెలో కాదు, నాలుక మీద.

మొదటిరోజు మెస్‌లో ఏం జరుగుతుందంటే, నువ్వు కంచం పట్టుకుని అన్నం కోసం చూస్తావు. వాళ్ళు పల్చటి రోట్లీలు, కూర వేస్తారు. అన్నం, పప్పు చివర్లో కాస్తే తింటారు. వాళ్ళ భోజనం వరస అది. మనకేమో అన్నం ముందు, అన్నం నడుమ, అన్నం చివర. సరే, అన్నం దొరికింది, పప్పు పోసుకుని కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నావు. తీపి! పాయసంలో పొరపాటున పోపు పడిందా అనిపిస్తుంది. పొరపాటు కాదు. గుజరాతీ పప్పులో బెల్లం వేస్తారు, దానికి తగ్గ పులుపూ, కాస్త కారమూ ఉంటాయి. ఆ మూడూ కలిసినదే వాళ్ళకు రుచి. మన ఉగాది పచ్చడిలో ఆరు రుచులు కలిపితే మెచ్చుకునేవాళ్ళం, వాళ్ళ పప్పులో మూడు కలిస్తే ముఖం చిట్లిస్తే ఎలా?

చెయ్యాల్సినవి ఇవి. మొదటి వారం మెస్ మానెయ్యకు. బిస్కెట్లు, నూడుల్స్ మీద బతకటం మొదలుపెడితే పదో రోజుకు ఒళ్ళు నీరసం, మనసు నీరసం, ఏది ముందొచ్చిందో కూడా తెలీదు. వడ్డించే కాకాను రెండు మాటలు అడుగు: "రోట్లీ ఓఛీ, భాత్ వధారే." రోటీ తక్కువ, అన్నం ఎక్కువ అని. మూడో రోజుకు నువ్వు అడగకుండానే వేస్తాడు. నీ ముఖం గుర్తుపట్టే మొదటి మనిషి అతనే అవుతాడు. పెరుగన్నం లేకుండా భోజనం పూర్తికాని మన కడుపుకు 'ఛాస్' ఉంది. మజ్జిగే. అన్నంలో పోసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

ఇక ఆవకాయ. తెచ్చుకున్నావు కదా? గాజు సీసాలో తెచ్చి, దారిలో నూనె కారి బట్టలన్నీ పాడుచేసుకోకుండా స్టీలు డబ్బాలో, మూత కింద పాలిథిన్ కాగితం వేసి తెచ్చుకుని ఉంటావనుకుంటాను. ఆ డబ్బాను మంచం కింద దాచి ఒక్కడివే తినకు. ఇది మర్యాద కోసం చెప్పటం లేదు.

నా గదిలో భావ్‌నగర్ కుర్రాడుండేవాడు. వాళ్ళమ్మ పంపిన డబ్బాలో రెండు ఉండేవి: మెంతికూర వేసి చేసిన థేప్లాలు, ఛుందో. థేప్లా రోజుల తరబడి పాడవదు, వాళ్ళు ఏ ఊరెళ్ళినా చుట్టి పెట్టుకుంటారు. ఛుందో అంటే పచ్చి మామిడికాయ తురిమి పంచదారతో చేసిన ఊరగాయ. నాలుగో రోజు రాత్రి ఇద్దరం డబ్బాలు తెరిచి నేల మీద కూర్చున్నాం. అదే మామిడికాయ. మా అమ్మ ఆవపిండి, కారం, నువ్వుల నూనె పోసింది. వాళ్ళమ్మ పంచదార పోసి ఎండలో పెట్టింది. వాడు థేప్లా మీద మా ఆవకాయ ముక్కను వేలితో నలిపి రాసి, చుట్టి, కొరికాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ కొరికాడు. "ఇంకా ఉందా?" అనడిగాడు. నేను ఛుందో వేలితో తీసి నాకాను. ఆ రాత్రి మొదటిసారి నాకు గోడవైపు తిరక్కుండా నిద్రపట్టింది.

ఊళ్ళోకి వెళ్ళినప్పుడు లోచో తిను. సెనగపప్పు పిండిని ఆవిరి మీద ఉడికించి, పైన వెన్నో నూనో వేసి, సేవ్, ఉల్లిపాయ, పచ్చడితో ఇస్తారు. ఖమణ్ చెయ్యబోతే గట్టిపడక ముద్దయిపోయిందని, పారేయకుండా తింటే అద్భుతంగా ఉందని, అలా పుట్టిందని సూరతీలు కథ చెప్తారు. మాంసాహారివైతే ఇంకో కబురు: హాస్టళ్ళలో, చాలా అపార్టుమెంట్లలో మాంసం, గుడ్డు కుదరదు. బయట గది తీసుకునేముందు ఇది అడిగి తేల్చుకో, అడ్వాన్సు ఇచ్చాక కాదు. కానీ గుడ్డు బళ్ళకు సూరత్ పెట్టింది పేరు. 'ఘోటాలా' అని బోర్డు కనిపిస్తే కుంభకోణం అనుకోకు, అది గుడ్ల వంటకం.

గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. సెలవుల నుంచి తిరిగొస్తూ ఎవరో అడిగారని సీసా సంచిలో పెట్టుకోవటం సరదా కాదు, కేసవుతుంది. అంతే, ఆ విషయం ఇంతకంటే చెప్పక్కర్లేదు.

4. పది మాటలు చాలు

"నాకు హిందీ సరిగ్గా రాదు, ఎలా మాట్లాడను?" మన పిల్లలు, ముఖ్యంగా కోస్తా నుంచి వచ్చినవాళ్ళు, నోరు విప్పకపోవటానికి చెప్పే కారణమిది. సూరత్‌లో ఎవరికి వచ్చు చెప్పు? ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, బీహార్ నుంచి, మహారాష్ట్ర నుంచి బతుకుతెరువుకొచ్చిన జనంతో నిండిన ఊరిది. బజారులో వినిపించే హిందీ ఒక్కొక్కరిది ఒక్కో రకం. నీ హిందీకి ఎవరూ మార్కులు వెయ్యరు.

దానికి తోడు గుజరాతీ మాటలు ఓ పది నేర్చుకో. కెమ్ ఛో (ఎలా ఉన్నారు), మజామా (బావున్నాను), కెట్లా (ఎంత), ఖాండ్ ఓఛీ (పంచదార తక్కువ), ధీమే బోలో (మెల్లగా చెప్పండి), ఊభీ రాఖ్‌జో (ఆటో ఆపండి). అన్నిటికంటే విలువైనది: "మనే గుజరాతీ నథీ ఆవడ్తు." నాకు గుజరాతీ రాదు అని. ఆ మాట గుజరాతీలో చెప్పావంటే అవతలివాళ్ళు నవ్వి, నీ కోసం హిందీలోకి మారతారు. పిలుపులు మర్చిపోకు. మగవాళ్ళు భాయ్, ఆడవాళ్ళు బెన్, పెద్దవాళ్ళయితే కాకా, మాసీ. మనకు అన్నయ్యా, అక్కా, బాబాయ్, పిన్ని ఉన్నట్టే. వరస కలిపి పిలిస్తే పని తొందరగా అవుతుందని మనకు ఎవరో నేర్పాలా?

అక్షరాలకూ భయపడకు. స్కూల్లో హిందీ చదివావు కదా, ఆ అక్షరాల నెత్తిమీద గీత తీసేసి చూడు, గుజరాతీ లిపి సగం కళ్ళబడుతుంది. రోజూ దుకాణాల బోర్డులు మూడు చదువు. అంకెలు మాత్రం ముందే నేర్చుకో, ధరలు అందులోనే రాస్తారు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. సూరతీల మాటల్లో బూతు ధారాళం. దగ్గరి స్నేహితుల మధ్య అది ముద్దుమాటలాగే చెల్లుతుంది. కొత్తగా వచ్చినవాడికి అందరూ ముందు అదే నేర్పి సరదా పడతారు. అర్థం తెలియని మాటను దుకాణంలోనో, లెక్చరర్ ముందో అనకు. "ఈ మాట మీ అమ్మ ముందు అంటావా?" అని నేర్పినవాణ్ణే అడుగు. వాడు తడబడితే నీకు జవాబు దొరికినట్టే.

చివరగా ఒక మాట: ఆవజో. ఎవరింటి నుంచైనా, దుకాణం నుంచైనా బయల్దేరుతుంటే ఈ మాటతో సాగనంపుతారు. విడిగా చూస్తే 'రండి' అని అర్థం. వెళ్ళేవాళ్ళను పట్టుకుని రమ్మనటం ఏమిటని మొదట్లో తికమకపడ్డాను. తర్వాత మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరైనా "వెళ్తున్నా" అంటే ఊరుకునేది కాదు. "వెళ్ళొస్తా అను" అనేది. తను కూడా "వెళ్ళిరా" అని పంపేది.

5. లింబాయత్ వెళ్ళిరా

తెలుగు పిల్లలు ఇక్కడ రెండు తప్పులు చేస్తారు. మొదటిది, నలుగురు తెలుగువాళ్ళు దొరకగానే ఆ గుంపులోనే నాలుగేళ్ళూ గడిపేయటం. కలిసే తింటారు, తెలుగు సినిమాలే చూస్తారు, క్లాసులో ఒకే వరుసలో కూర్చుంటారు. ఆఖరి ఏడాది ఇంటర్వ్యూలో నోరు పెగలదు. తెలుగు కోసం రోజుకో గంట ఉంచుకో, మిగతా రోజంతా బయట ఉండు.

రెండో తప్పు ఎవరూ తప్పనుకోరు. సూరత్‌లో తెలుగువాళ్ళంటే మన హాస్టల్లోవాళ్ళే అనుకోవటం. మనకంటే చాలా ముందు తెలంగాణ నుంచి, ఎక్కువగా పద్మశాలీలు, మగ్గం పనిమీద ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. లింబాయత్ వైపు వెళ్తే తెలుగు బోర్డులు కనిపిస్తాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. నువ్వు చదవటానికొచ్చిన ఊళ్ళో మున్సిపాలిటీ బడిలో పిల్లలు అ ఆలు దిద్దుతున్నారని నీకు తెలుసా?

మొదటి ఆదివారాల్లో ఒకటి దానికి కేటాయించు. నేను వెళ్ళినప్పుడు ఒక సందులో పవర్‌లూమ్‌ల చప్పుడుకు ఆగిపోయాను. సిరిసిల్ల వైపు వాటిని సాంచాలంటారు, సూరత్‌లోనూ అలాంటి మాటే వినపడుతుంది. చప్పుడు ఎంతంటే ఎదుటి మనిషి పెదాలు కదలటమే కనిపిస్తుంది. గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ నా ముఖం చూసి, నేను నోరు తెరవకముందే తెలుగులో అడిగింది: "ఏ ఊరు బిడ్డా మీది?" చెప్పాను. "సదువుకోనీకి వచ్చినవా? మంచిగ తింటున్నవా?" రెండు వారాలుగా ఎదురుగా నిలబడి ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. ఛాయ్ ఇచ్చింది. తను పెళ్ళయి వచ్చినప్పుడు ఇక్కడ ఎవరూ తెలియదని, బజారుకు పోవాలంటే భయపడేదాన్నని, ఇప్పుడు మనవరాలు గుజరాతీలోనే కలలు కంటుందని నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు నాకు నా మీదే కోపమొచ్చింది. నాకు చేరేముందే గది ఉంది, మూడు పూటలా మెస్ ఉంది. ఆవిడకు అవేవీ లేవు. అయినా ఊరిని తనదిగా చేసుకుంది. ఎలా అని అడగటానికి ఆమెకంటే మంచి గురువు నీకు ఏ పుస్తకంలోనూ దొరకదు, ఈ పుస్తకంలో కూడా. దసరా ముందు వెళ్తే ఇంకా మంచిది. ఊరంతా నవరాత్రి గర్బా ఆడుతుంటే, అవే రోజుల్లో అక్కడ బతుకమ్మ ఆడతారు. రెండూ చూడు. రెండింటిలోనూ ఆడవాళ్ళు వలయంగానే తిరుగుతారు, చప్పట్లు చరుస్తారు.

6. ఇక్కడ గంట కొట్టేవాళ్ళు లేరు

నువ్వు రెండేళ్ళు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉండి వచ్చావా? అయితే ఇది నీకోసం. అక్కడ తెల్లవారకముందే లేపారు, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టారు, వారం వారం పరీక్ష పెట్టి ర్యాంకు గోడకు అతికించారు. ఇక్కడ ఎవరూ లేపరు. క్లాసుకు వెళ్ళకపోతే ఆ పూట ఎవరూ అడగరు. అడిగేది హాజరు తక్కువైనప్పుడు, అప్పటికి ఆలస్యమైపోతుంది.

రోజంతటికీ టైమ్‌టేబుల్ గీసి గోడకు అంటించకు, మూడో రోజుకు అది నిన్ను వెక్కిరిస్తుంది. మూడు వేళలు మాత్రం కట్టుకో: లేచే వేళ, లైబ్రరీలో కూర్చునే గంట, ఇంటికి ఫోన్ చేసే వేళ. మూడోది ముఖ్యం. రోజుకు ఎనిమిదిసార్లు వీడియో కాల్ చేస్తే నువ్వు సూరత్‌లోనూ ఉండవు, ఇంట్లోనూ ఉండవు. రాత్రి తిన్న తర్వాత ఒక్కసారి, తీరిగ్గా. ఫోన్‌లో "ఎలా ఉన్నావ్?" అంటే "బావున్నా" అని పెట్టెయ్యకు. ఆరోజు కొత్తగా చూసినది ఒకటి చెప్పు. చెప్పటానికైనా ఏదో ఒకటి చూస్తావు.

మొదటి పరీక్షలో మార్కులు తగ్గుతాయి. ఊళ్ళో ఫస్ట్ వచ్చినవాళ్ళందరూ ఒకే గదిలో కూర్చుంటే ఎవరో ఒకరు నలభయ్యో స్థానంలో ఉండాల్సిందే కదా?

7. బెంగ తగ్గకపోతే

మామూలు బెంగ వానలా వస్తూ పోతూ ఉంటుంది. మధ్యలో నవ్వొస్తుంది, ఆకలేస్తుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, తినబుద్ధి కాక, ఎవరితోనూ మాట్లాడాలని లేక, బతుకు వృథా అనిపిస్తుంటే అది బెంగ కాదు. దాన్ని దాచుకోకు. 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సహాయం, తెలుగులోనూ మాట్లాడతారు. పరాయి ఊళ్ళో బాధను పరాయి భాషలోకి మార్చి చెప్పుకోవాల్సిన పని లేదు.

సీనియర్లు పరిచయం పేరుతో హద్దు దాటితే ఓర్చుకోవటం మంచితనం కాదు. వార్డెన్‌కు చెప్పు. చెప్పటానికి భయమైతే 1800-180-5522, ర్యాగింగ్ వ్యతిరేక హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే, ఈ పేజీ తిప్పకముందే ఫోన్‌లో వేసుకో.

8. టికెట్ ఇప్పుడే కొను

పదిహేనో రోజు చెయ్యాల్సిన పని ఒకటుంది. క్యాలెండర్ తీసి దీపావళి సెలవులు ఎప్పుడో చూడు. రైల్వేలో 60 రోజుల ముందే బుకింగ్ తెరుస్తారు. దీపావళికి సూరత్ సగం ఖాళీ అవుతుంది, మిల్లుల్లో, మగ్గాల మీద పనిచేసేవాళ్ళంతా సొంత ఊళ్ళకు బయల్దేరతారు, స్టేషన్లో నిలబడే చోటు దొరకదు. అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్ళే నవజీవన్ సూరత్‌లో ఆగుతుంది, వరంగల్, విజయవాడ మీదుగా పోతుంది. బుకింగ్ తెరిచే రోజుకు ఫోన్‌లో అలారం పెట్టుకో. వెళ్ళే తేదీ ఖాయమైందంటే మధ్యలోని రోజులు లెక్కకు వస్తాయి, లెక్కకు వచ్చిన రోజులు గడుస్తాయి.

నేను మొదటిసారి సెలవులకు బయల్దేరిన రోజు, సంచి భుజాన వేసుకుని రోజూ తాగే బండి దగ్గర టీకి ఆగాను. "ఖాండ్ ఓఛీ" అనక ముందే కాకా పంచదార తక్కువేసి ఇచ్చాడు. సంచి చూసి "ఘరే?" అన్నాడు. తలూపాను. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డంపెట్టాడు, వచ్చాక ఇద్దువుగాని అన్నట్టు.

"ఆవజో."

"వెళ్ళొస్తా కాకా" అనేశాను, తెలుగులో. ఆయన తలూపి, తర్వాతి గ్లాసు కడగటంలో పడ్డాడు.